దెబ్బ వేస్తే ఆ పూటకే ఎందుకు వింటాడు?

మీ అయిదేళ్ల బాబు ఫోన్ లేనిదే ముద్ద ముట్టడని, రెండు దెబ్బలు వేస్తే ఆ పూటకి తిని మర్నాడు మళ్లీ మామూలేనని రాశారు. మా ఇంట్లోనూ సరిగ్గా ఇదే జరిగిందండీ, మా వాడికి అప్పుడు నాలుగున్నర. డీఎడ్‌లో పునర్బలనం (ఒక పనిని మళ్లీ మళ్లీ చేసేలా చేసే ఫలితం), శిక్ష అన్నీ చదివాను, అయినా ఇంట్లో ఏం జరుగుతోందో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

వాడు అరుస్తాడు, మీరు ఫోన్ ఇస్తారు. అరిస్తే ఫోన్ వస్తుందని వాడు నేర్చుకున్నాడు, అది ధనాత్మక పునర్బలనం, అంటే కావలసింది దొరకడం. ఇవ్వగానే గోల ఆగుతుంది కాబట్టి ఇచ్చేయడం మీకూ అలవాటైంది, అది రుణాత్మక పునర్బలనం, అంటే ఇబ్బంది తొలగిపోవడం (చాలామంది దీన్నే శిక్ష అనుకుంటారు, కాదు, శిక్ష అంటే చేసే పని తగ్గాలి, ఇక్కడ పెరుగుతోంది). దెబ్బ సంగతీ అంతే. కొట్టగానే ఇల్లు నిశ్శబ్దమవుతుంది, అందుకే మన చెయ్యి మళ్లీ మళ్లీ లేస్తుంది, వాడి అలవాటు మాత్రం అలాగే ఉంటుంది.

అమెరికన్ మనస్తత్వవేత్త స్కిన్నర్ 1938లోనే ఎలుకలతో ఇది చూపించాడు. మీట నొక్కితే తిండి వస్తుందని నేర్పి, తర్వాత తిండి ఆపేసి, కొన్నిటికి మొదటి కొద్ది నిమిషాలు నొక్కినప్పుడల్లా ఆ మీటే కాలికి ఎదురు తగిలేలా పెట్టాడు. అవి కాసేపు జంకాయి కానీ, రెండో రోజు ముగిసేసరికి దెబ్బ తినని ఎలుకలు ఎన్నిసార్లు నొక్కాయో ఇవీ అన్నిసార్లూ నొక్కేశాయి. మా వాడు నా ముందు బుద్ధిగా తిని, నాయనమ్మ దగ్గరికి వెళ్లగానే ఫోన్ అడిగినప్పుడు నాకు ఈ ఎలుకలే గుర్తొచ్చాయి.

కొట్టడం పూర్తిగా మానేసి, అన్నం వేళకి ఫోన్ బీరువాలో పెట్టేశాను. మూడో రోజు ఏడుపు ముందెన్నడూ లేనంత పెరిగింది, కంచం విసిరేస్తే పప్పన్నం గోడకి అంటుకుని పసుపు చారలు కారాయి. ఇది రావచ్చని ముందే గట్టిగా అనుకోండి, అప్పటిదాకా దొరికింది దొరక్కపోతే గోల తగ్గేముందు కొన్నిసార్లు ఇలా ఒక్కసారిగా పెరుగుతుంది, అక్కడ లొంగితే ఇంకా గట్టిగా అరవమని నేర్పినట్టే. ఆరో రోజు చుట్టాలొచ్చారు, వాళ్ల ముందు గొడవెందుకని ఇచ్చేశాను, కథ మళ్లీ మొదటికొచ్చింది. రోజూ దొరికేదానికన్నా అప్పుడప్పుడు దొరికేదాన్ని మాన్పించడం కష్టం. అత్తయ్యగారికి ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను, ఆవిడ కూడా ఇవ్వడం మానేశాకే దారిలో పడింది.

ఊరికే తీసేస్తే చాలదు, బదులు ఏదో ఒకటి ఉండాలి. మా వాడికి నీళ్ల మోటర్ స్విచ్ వేయడమంటే ప్రాణం. ఎంత తిన్నా సరే, ఫోన్ లేకుండా కూర్చుని తింటే చెయ్యి కడుక్కున్న వెంటనే స్విచ్ వాడే వేస్తాడు. ఆ వెంటనే అన్నదే ముఖ్యం, ఆదివారం పార్కుకి తీసుకెళ్తానంటే ఆ వయసుకి ఎక్కదు.

మూడు వారాలు పట్టింది. మీ బాబుకి అలా ప్రాణమైనది ఏముందో చూసి చెప్పండి, ఎక్కడ మొదలెట్టాలో ఆలోచిద్దాం.