యాప్ లోన్: కాగితంలో ఒకటి, కోసుకున్నది ఇంకొకటి

ప్రశ్న: ఈమధ్య ఒక యాప్‌లో రూ.40,000 లోన్ తీసుకున్నాను. ఖాతాలో పడింది రూ.35,200. వాళ్లిచ్చిన స్టేట్‌మెంట్‌లో ప్రాసెసింగ్ ఫీజు రూ.1,200 అనే ఉంది. ఒక ఈఎంఐ తప్పితే రూ.600 జరిమానా వేశారు, మరుసటి నెల దాని మీదా వడ్డీ వేశారు. రాత్రి తొమ్మిదింటికి మా బావగారికి ఫోన్లు. అడిగితే 'మీరే ఓకే నొక్కారు' అంటున్నారు. ఏం చేయాలి? - ఒక పాఠకురాలు

జవాబు: ఓకే నొక్కినంత మాత్రాన వాళ్లు చేసేదంతా చెల్లదమ్మా. అప్పు మాత్రం అప్పే, కట్టాలి.

మీ దగ్గరున్న ఆ కాగితం పేరు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే లోన్ ఖర్చులన్నీ ఒకేచోట రాసిచ్చే పత్రం. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే రిటైల్ టర్మ్ లోన్లకు, అంటే మీలాంటి వాళ్లు తీసుకుని వాయిదాల్లో కట్టే అప్పులకు, ఇది తప్పనిసరి. అందులో లేని ఫీజును మీరు విడిగా స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప వసూలు చేయకూడదు. రూ.1,200 పోను మీకు రూ.38,800 పడాలి. తక్కువైన రూ.3,600 దగ్గరే మీ కేసు బలమంతా ఉంది. పాస్‌బుక్‌లో ఆ ఎంట్రీ కింద గీత గీసి, స్టేట్‌మెంట్‌తో కలిపి కుట్టి పెట్టుకోండి.

జరిమానా ఒప్పందంలో ఉంటే వేయొచ్చు. దాని మీద వడ్డీ వేయకూడదని 2023 ఆగస్టులోనే రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఇక రికవరీ ఫోన్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదు. బావగారి నంబరు మీరు రెఫరెన్స్‌గా ఇవ్వకపోతే, ఫోన్‌లోని కాంటాక్ట్స్ తీసుకున్నారేమో అడగండి. యాప్‌లకు ఆ హక్కు లేదు. ఆయన ఫోన్‌లోని కాల్ లిస్ట్ స్క్రీన్‌షాట్ తీయించండి.

యాప్ వెనకున్న ఫైనాన్స్ కంపెనీ పేరు స్టేట్‌మెంట్‌లోనే దొరుకుతుంది. దాని ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. సందేహాలుంటే 14448. అక్కడ లాయర్ ద్వారా వేస్తే తీసుకోరు, కాబట్టి మా ఫీజు మీకు మిగిలినట్టే. కంపెనీకి రిజర్వ్ బ్యాంక్ రిజిస్ట్రేషన్ లేకపోతే మాత్రం నేరుగా పోలీసులకో, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కో చెప్పండి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కూ వెళ్లొచ్చు, రెండేళ్ల గడువు ఉంది. ఒప్పందంలోని షరతే అన్యాయమని వాదించాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. మా వాళ్లే ఒక్కోసారి ఈ తేడా మరిచిపోతారు. మీది లెక్క తప్పుడు వసూలు, జిల్లా చాలు.

ఈలోగా మామూలు ఈఎంఐ ఆపకండి. ఆపితే క్రెడిట్ స్కోర్ దెబ్బతినేది మీదే.