ఘనాకు వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కుమాసి దగ్గరి పల్లెబడిలో ఏడాదిపాటు స్వచ్ఛందంగా పాఠాలు చెప్పబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. నేను కూడా ఆ ప్రాంతంలో రెండేళ్లు పనిచేశాను కనుక, ఏ శిక్షణలోనూ చెప్పని, అక్కడివాళ్లు తమంతట తాము నోరు విప్పి చెప్పని కొన్ని సంగతులు ముందే నీ చెవిన వేస్తున్నాను.

అక్కడి అసాంటే ప్రజల పల్లెల్లో ఎవరింటికి వెళ్లినా ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తారు. ఆ తరువాతే 'అమనే' అడుగుతారు, అంటే వచ్చిన పనేమిటని. ఆ ప్రశ్న వచ్చేదాకా పని ఊసెత్తకూడదు. ఇది తెలియక మొదటి వారంలోనే ఒక పెద్దాయన ఇంటికి వెళ్లి, బడి పైకప్పు మరమ్మతు గురించి గుమ్మంలో నిలబడే గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. నీళ్ల గ్లాసుతో లోపలి నుంచి వస్తూ ఆగిపోయిన మనవరాలిని దగ్గరకు పిలిచి, నన్ను కూర్చోబెట్టి, నేను నీళ్లు తాగేదాకా ఆగి, అంతవరకు ఏమీ విననట్టే "ఏం పని మీద వచ్చారు?" అని అడిగారు. ఆ మర్యాదలో మందలింపు ఉందని నాకు నెల తరువాత గానీ తెలియలేదు.

అతిథిని తప్పుపట్టడం వాళ్లకు ఇష్టం ఉండదు కాబట్టి, ఎవరూ ఏమీ అనలేదంటే అంతా సవ్యంగా ఉందని అనుకోవద్దు. తోటి ఉపాధ్యాయుల్లో ఒకరితో చనువు పెంచుకో. "నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగితే లేదనే అంటారు; "నా స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్నతోనే నేర్చుకున్నాను.

ఎడమచేత్తో ఏదీ ఇవ్వకు, పుచ్చుకోకు, దారి కూడా చూపించకు. పెద్దలు వరుసగా కూర్చొని ఉంటే నీ కుడివైపు చివరినుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ చేయి కలుపు. ఊరి పెద్ద కొలువులో ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. పక్కనుండే 'ఒకియామె', అంటే ఆయన తరఫున మాట్లాడే మనిషి, ద్వారానే నీ మాట ఆయనకు చేరాలి. నొప్పించే మాటేదైనా తప్పదనుకుంటే ముందు 'సెబె' అని మన్నింపు కోరు.

అక్కడివాళ్లు మాట్లాడే త్వి భాష నాలుగు ముక్కలైనా నేర్చుకొని వెళ్లు. 1961 ఆగస్టు 30న ఘనా రాజధాని అక్రాలో దిగిన, అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవాసంస్థ పీస్ కోర్ తొలి వాలంటీర్లు విమానాశ్రయంలోనే త్వి భాషలో ఒక పాట పాడారు. వాళ్లకు అప్పటికి వచ్చిన భాష కొద్దిపాటిదే అయి ఉంటుంది, అయినా నేర్చుకొని వచ్చారన్నది అందరికీ కనిపించింది.

ఇంకొక మాట. అంత్యక్రియల కార్యక్రమాలు ఎక్కువగా శనివారాల్లో, ఊరంతటి సమక్షంలో జరుగుతాయి. పిలవలేదు కదా అని నేను మొదటిసారి గదిలోనే ఉండిపోయాను. మా బడి వంటమనిషి తల్లి అంత్యక్రియలవి. సోమవారం ఆమె ఎప్పటిలాగే నవ్వుతూ పలకరించింది గానీ, ఆ రెండేళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువ బాధపడింది ఆ రోజే. నీ పెట్టెలో ఒక జత నల్లబట్టలు తప్పకుండా సర్దుకో.

ఇట్లు,
నీ పెద్దమ్మ