చీటీ పాడేసి మే నెలలో అండమాన్‌కు వెళ్లొచ్చా?

ప్రశ్న: నేను కాకినాడలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మావారు ఒక కంపెనీలో సూపర్‌వైజర్. ఇద్దరిదీ కలిపి నెలకు 85 వేలు చేతికొస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 21,500. రిజిస్టర్డ్ కంపెనీలో 2 లక్షల చీటీ వేస్తున్నాం. 20 నెలల చీటీలో 11 అయిపోయాయి, ఇంకా పాడలేదు. సేవింగ్స్ ఖాతాలో 45 వేలు, ఎఫ్‌డీలో లక్షన్నర ఉన్నాయి. బాబుకి 11 ఏళ్లు, పాపకి 7. ఊరికే కూర్చుని చూసే టూర్ కాకుండా స్కూబా, కయాకింగ్, ట్రెక్కింగ్ ఉండేలా మే సెలవుల్లో అండమాన్‌కు వెళ్లాలని మావారి పట్టుదల. ఏజెంటు నలుగురికీ చెన్నై నుంచి 4 రాత్రుల ప్యాకేజీ 1,72,000 అన్నాడు, 12 నెలల ‘నో కాస్ట్ ఈఎంఐ’ కూడా ఉందట. లేదా ఈ నెల చీటీ పాడేస్తే సరిపోతుంది, కాకపోతే 40 వేల దాకా వదులుకోవాలి. ఏది మంచిది? వైజాగ్ నుంచి ఓడ చవక అంటున్నారు, నిజమేనా? మావారికి 41 ఏళ్లు, బీపీ మాత్ర వేసుకుంటారు. ఆయన స్కూబా సర్టిఫికెట్ కోర్సు కూడా చేస్తారట.

జవాబు: రెండూ వద్దండీ. అండమాన్ వెళ్లండి, కానీ మేలో కాదు, జనవరి రెండో సగంలో. మీ చీటీ లెక్క చూసినా, అక్కడి సముద్రం సంగతి చూసినా నాకు తేలింది ఇదే.

ముందు చీటీ. ఇది మార్చి నెల, మీకు 12వ పాట. ఇప్పుడు 40 వేలు తగ్గించి పాడితే మీ చేతికి 1,60,000 వస్తుంది. పాడకుండా చివరిదాకా ఆగితే 20వ నెలలో, అంటే నవంబర్‌లో, ఫోర్‌మన్ (చీటీ నడిపే కంపెనీ) కమీషన్ 5 శాతం పోను 1,90,000 వస్తుంది. ఎనిమిది నెలలు ముందు తీసుకున్నందుకు 30 వేలు వదులుకుంటున్నారన్నమాట. 1,60,000 మీద ఎనిమిది నెలలకు 30 వేలంటే ఏడాదికి 28 శాతం వడ్డీ. చీటీలో దీన్ని ఎవరూ వడ్డీ అనరు కాబట్టి నొప్పి తెలియదు. పైగా పాడినా పాడకపోయినా మిగతా వాయిదాలు కట్టాల్సిందే. పాడితే జామీనుదారులను కూడా వెతుక్కోవాలి. చివరి పాట మీదైతే ఆ తర్వాత కట్టాల్సింది ఉండదు కాబట్టి ఆ తిప్పలు కూడా పెద్దగా ఉండవు.

ఒక్క మాట. రిజిస్టర్డ్ చీటీ అని రాశారు కాబట్టే చివరిదాకా ఆగమంటున్నాను. ఇది వీధిలో తెలిసినవాళ్లు నడిపే చీటీ అయితే నా జవాబు వేరేగా ఉండేది. అక్కడ చివర దాకా ఆగేవాళ్లదే అసలు రిస్కు.

ఇక ఈఎంఐ. 1,72,000ని 12తో భాగిస్తే నెలకు 14,333. ఇంటి లోన్ 21,500, చీటీ వాయిదా దగ్గర దగ్గర 10 వేలు కలిపితే దాదాపు 46 వేలు. ఇంట్లోకి బియ్యం రాకముందే జీతంలో సగం పైన వెళ్లిపోతుంది. పిల్లల ఫీజులు కట్టేది జూన్‌లోనే కదా. ‘నో కాస్ట్’ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ అయితే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ కూడా బ్యాంకు వసూలు చేస్తుంది. ఏజెంటుని ఒకటే అడిగి చూడండి: మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారు? ఆయన తగ్గించే మొత్తమే ఆ ఈఎంఐకి మీరు కట్టే అసలు వడ్డీ.

మే ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. నైరుతి రుతుపవనాలు కేరళకు జూన్ 1 ప్రాంతంలో వస్తే, అండమాన్‌ను మామూలుగా మే మూడో వారానికే తాకుతాయి. దానికి ముందు బంగాళాఖాతంలో తుపాన్లు. మే తుపాన్ల సంగతి కాకినాడ వాళ్లకు నేను చెప్పాలా! ఏప్రిల్ చివర్లోనో మే మొదటి వారంలోనో వెళ్లి హాయిగా తిరిగొచ్చిన వాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ చురుగ్గా తిరగాలని వెళ్లే టూర్‌లో డబ్బు పెట్టేదే సముద్రం మీద. అలలు పెరిగితే ఫెర్రీలు ఆగిపోతాయి, స్కూబా ఆపేస్తారు, కయాక్ బయటకు తీయరు. ఫెర్రీ టికెట్ డబ్బు వెనక్కి వస్తుంది. అవతలి దీవిలో బుక్ చేసిన హోటల్ గది డబ్బు చాలాసార్లు రాదు, తప్పిపోయిన విమానం డబ్బు అసలే రాదు. పైగా వేసవి సెలవుల రద్దీలో విమాన ఛార్జీలూ ఎక్కువే. జనవరికి ఈశాన్య రుతుపవనాలు కూడా వెనక్కి తగ్గి సముద్రం చాలావరకు శాంతంగా ఉంటుంది.

సంక్రాంతి సెలవుల్లో మాత్రం టికెట్ కొనకండి, ఛార్జీలు మండిపోతాయి. గోదావరి ప్రాంతంలో ఉండి సంక్రాంతికి ఊరు వదిలి వెళ్లడం కూడా నాకు నచ్చదు, అది వేరే సంగతి. పండగ అయ్యాక, రిపబ్లిక్ డే రద్దీని తప్పించి, వారం రోజుల సెలవు పెట్టుకుని వెళ్లండి. పిల్లలకు ఆ వారం క్లాసులు పోతే పోనివ్వండి. టీచరమ్మకి చెప్పకూడని సలహానే, తెలుసు.

ఖర్చు ఎంతవుతుందో నేను వేసిన లెక్క ఇది. ధరలు ఉజ్జాయింపు, బుక్ చేసే ముందు మళ్లీ చూసుకోండి. చెన్నై నుంచి శ్రీ విజయపురానికి (2024లో పోర్ట్ బ్లెయిర్‌కి పెట్టిన పేరు ఇది, టికెట్ల దగ్గర రెండు పేర్లూ కనిపిస్తాయి) రానుపోను విమానం మనిషికి 15 వేల చొప్పున 60 వేలు, చెన్నై దాకా రైలుకి 8 వేలు. శ్రీ విజయపురం నుంచి హావ్‌లాక్, హావ్‌లాక్ నుంచి నీల్, నీల్ నుంచి వెనక్కి ప్రైవేటు ఫెర్రీలకు 18 వేలు. ఈ రెండు దీవుల పేర్లూ 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌గా మారాయి. ప్రభుత్వ ఫెర్రీలు కొన్ని వందల్లోనే తీసుకెళ్తాయి కానీ సీజన్‌లో నలుగురికి సీట్లు దొరకడం కష్టం. ప్రయత్నించండి, దొరికితే లాభం. ఆరు రాత్రుల హోటల్‌కి 24 వేలు, తిండికి 17,500, అక్కడ తిరగడానికి 9 వేలు. స్కూబా, స్నార్కెలింగ్ (గొట్టంతో గాలి పీలుస్తూ నీటి పైనే తేలుతూ అడుగు చూడటం), కయాకింగ్ అన్నీ కలిపి 24,500. బీమా, చిల్లర ఖర్చులకు 4 వేలు. చివరిగా, వాతావరణం తేడా వస్తే వాడుకోవడానికి 12 వేలు పక్కన. మొత్తం 1,77,000.

ఏజెంటు చెప్పినదానికంటే ఇది 5 వేలు ఎక్కువ. కానీ ఆయనవి నాలుగు రాత్రులు, ఇవి ఆరు. ఆ ప్యాకేజీలో మధ్యాహ్నం భోజనాలు, కయాకింగ్ ఉన్నాయో లేదో కూడా అడగండి. మామూలుగా ఉండవు.

ఆ రెండు రాత్రులు దండగ అనుకోకండి. డబ్బు పరంగా ఈ టూర్‌లో అన్నిటికంటే విలువైనవి అవే. స్కూబా చేశాక వెంటనే విమానం ఎక్కకూడదు. నీటి అడుగున ఒత్తిడికి శరీరంలో చేరిన నైట్రోజన్ బయటకు పోవడానికి సమయం కావాలి. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, ఒకటికి మించి దిగితే కనీసం 18 గంటలు ఆగాలి. 24 గంటలు ఆగమనే డైవ్ సెంటర్లూ ఉన్నాయి. నాలుగు రాత్రుల ప్యాకేజీల్లో కొన్నిసార్లు స్కూబాని చివరి రోజు పొద్దున ఇరికించి, అట్నుంచి అటే ఫెర్రీ, మధ్యాహ్నం విమానం అని రాసేస్తారు. మీ ఏజెంటు ఇచ్చిన కాగితంలో స్కూబా ఏ రోజు ఉందో చూడండి. చివరి రోజు ఉంటే ఆ కాగితం వెనక్కిచ్చేయండి.

నేనైతే ఇలా పెట్టుకుంటాను. దిగిన రోజు సెల్యులార్ జైలు. మర్నాడు ఫెర్రీలో హావ్‌లాక్. మూడో రోజు పొద్దున్నే స్కూబా. నాలుగో రోజు అడవి దారిన ఎలిఫెంట్ బీచ్‌కి నడక, అక్కడ స్నార్కెలింగ్, ఓపికుంటే మడ అడవుల్లో కయాకింగ్. అయిదో రోజు నీల్. చిన్న దీవి, పెద్దగా ఎత్తుపల్లాలు ఉండవు, సైకిళ్లు అద్దెకు తీసుకుని పిల్లలతో తిరిగేయొచ్చు. ఆరో రోజు శ్రీ విజయపురం, ఏడో రోజు విమానం. ఏ రోజు సముద్రం బాగాలేకపోయినా ఆ ఆరో రోజు మిమ్మల్ని కాపాడుతుంది. ఇంకో సంగతి, అక్కడ జనవరిలో సాయంత్రం అయిదున్నరకే పొద్దు గుంకుతుంది. అన్నీ పొద్దున్నే మొదలుపెట్టాలి. సాయంత్రం చేద్దాంలే అని ఏదీ బుక్ చేయకండి.

స్కూబా డబ్బు మొత్తం ముందే కట్టకండి. కారణం మీవారి బీపీ. నీళ్లలోకి దింపే ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపిస్తారు. గుండె, బీపీ, ఆస్తమా, చెవి సమస్యలు ఏవైనా ఉంటే డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు, లేకపోతే దింపరు. అప్పటికే డబ్బు కట్టేసి ఉంటే అది తిరిగి రావడం డైవ్ సెంటర్ దయ. కాకినాడలో మీ డాక్టరు దగ్గరే ఆ ఫారం చూపించి సంతకం పెట్టించుకోండి. బీపీ మాత్ర సంగతి దాచిపెట్టి ఫారం మీద ‘లేదు’ అని టిక్ చేయనివ్వకండి. ప్రాణం సంగతి అలా ఉంచితే, రేపు బీమా క్లెయిమ్ వచ్చినప్పుడు ఆ టిక్కే అడ్డం పడుతుంది. ఈత రాకపోయినా శిక్షకుడి చెయ్యి పట్టుకుని దిగే ట్రై డైవ్ చేయొచ్చు, అది 12 మీటర్ల లోతు దాటదు. మనిషికి 4 వేల నుంచి 7 వేల దాకా, ఒడ్డు నుంచి దిగుతారా పడవ మీద వెళ్తారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను ఒడ్డు నుంచి దిగే లెక్కే వేశాను. కనీస వయసు 10 కాబట్టి బాబు చేయొచ్చు, పాప చేయలేదు. మీరిద్దరూ ఒకేసారి దిగితే పాప ఒడ్డున ఎవరి దగ్గర ఉంటుందో ముందే ఆలోచించుకుని వేర్వేరు సమయాలు అడగండి.

బీమా గురించి చాలామందికి ఒక భయం ఉంది, స్కూబా అంటే హెల్త్ పాలసీ పనిచేయదని. మన హెల్త్ పాలసీల్లో ఉండే ప్రామాణిక మినహాయింపు సాహస క్రీడలను వృత్తిగా చేసేవాళ్లకు సంబంధించినది. సరదాగా ఒకసారి దిగిన టూరిస్టుకి అది వర్తించదు. అయినా మీ పాలసీ కాగితంలో ఆ వాక్యం వెతికి చదవండి. పర్సనల్ యాక్సిడెంట్, ట్రావెల్ పాలసీల్లో మాత్రం షరతులు వేరుగా ఉంటాయి, కొన్నింటిలో స్కూబా పూర్తిగా బయటే. కొనే ముందు ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి, ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజు పనికిరాదు.

ఇప్పుడు డబ్బు ఎప్పుడు ఎక్కడి నుంచి. ఈ నెల నుంచే 4 వేల ఆర్‌డీ మొదలుపెట్టండి, ఆరు నెలలకు 24 వేలు, కొంచెం వడ్డీ. సెప్టెంబర్‌లో దానికి సేవింగ్స్‌లోని 45 వేలు కలిపితే విమానం, రైలు టికెట్లకు 68 వేలు సరిపోతాయి. ఏడాదిలోపు కావాల్సిన డబ్బుని మ్యూచువల్ ఫండ్ సిప్‌లో పెట్టమని ఎవరైనా చెప్తే వినకండి. నవంబర్‌లో చీటీ 1,90,000 వస్తే అందులో 1,09,000 మిగతా టూర్‌కి. మిగిలేది 81 వేలు. ముందు సేవింగ్స్‌లో తీసిన 45 వేలు తిరిగి వేసేసి, మిగతాది ఎఫ్‌డీలో కలపండి. లక్షన్నర ఎఫ్‌డీని మాత్రం ముట్టుకోకండి. అది మీ ఇంటి మూడు నెలల ఖర్చు.

మీవారి జీతం స్లిప్పులో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉందేమో చూడండి. ఆయన పాత పన్ను విధానంలో ఉంటే, 2026–2029 నాలుగేళ్ల బ్లాకులో రెండు ప్రయాణాలకు మినహాయింపు అడగొచ్చు. ప్రయాణ ఛార్జీకి మాత్రమే, హోటల్‌కి, స్కూబాకి కాదు. బోర్డింగ్ పాస్‌లు పారేయకండి. కొత్త విధానంలో ఉంటే ఈ లాభం లేదు. దీనికోసమని విధానం మార్చుకోకండి, ముందు మొత్తం పన్ను లెక్క చూసుకోవాలి.

ఓడ నిజమే. విశాఖ నుంచి ప్రభుత్వ ఓడ ఉంది. సిక్కోలు, విశాఖ తీరాల నుంచి వెళ్లి ఆ దీవుల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామంది, ఊళ్లకు రాకపోకలకు దాన్ని వాడుతుంటారు. కానీ రోజూ ఉండేది కాదు, వెళ్లడానికే రెండున్నర రోజులు పడుతుంది. రానుపోను అయిదు రోజులు పోతే మీ సెలవుల్లో దీవికి మిగిలేదేముంది? రిటైరయ్యాక ఆలోచించండి.

హావ్‌లాక్‌లో ఏటీఎంలు తక్కువ, నెట్‌వర్క్ మొరాయిస్తే యూపీఐ కూడా అంతే. 15 వేల దాకా నోట్లు దగ్గర పెట్టుకోండి.

ఇక సర్టిఫికెట్ కోర్సు. 3–4 రోజులు పడుతుంది, 25–35 వేలు అవుతుంది, ఈత పరీక్ష కూడా ఉంటుంది. అంటే మీ ఏడు రోజుల్లో సగం రోజులు ఆయన నీళ్లలో, మీరు పిల్లలతో ఒడ్డున. ఈసారికి ట్రై డైవ్ చేయనివ్వండి. నీళ్లలోంచి పైకి వచ్చాక కూడా అదే మాట మీద ఉంటే, ఆ కోర్సు డబ్బు ఆయన బోనస్‌లోంచి తీయమనండి. చీటీ డబ్బులోంచి మాత్రం కాదు.