ఉదయపూర్ ప్యాలెస్‌లో ఒక రాత్రి: చీటీ పాడకుండా ఎలా వెళ్లాలి?

ప్రశ్న: మాది అనంతపురం. నేను ప్రభుత్వ హైస్కూల్లో టీచర్‌ని, చేతికి 58,000 వస్తుంది. మావారికి మోటార్ వైండింగ్ షాపు ఉంది. సగటున నెలకు 25,000 ఇంటికి తెస్తారు కానీ ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు. ఇంటి లోన్ ఈఎంఐ 17,500, చీటీ 10,000, ఇంటర్ ఫస్టియర్ చదివే మా అమ్మాయి కాలేజీకి నెలకు 10,000 లెక్కన, ఇంటి ఖర్చు 25,000, ఎల్ఐసీ 3,000 పోతాయి. బ్యాంకులో 2,20,000 ఉంది. వచ్చే ఫిబ్రవరికి మా పెళ్లయి ఇరవై ఏళ్లు. ఉదయపూర్‌లో చెరువు మధ్య ఉన్న తాజ్ లేక్ ప్యాలెస్‌లో రెండు రాత్రులు ఉండాలని నా కోరిక. రాత్రికి 48,000, ట్యాక్స్ అదనం అని చూపిస్తోంది. మొత్తం 1,80,000 దాకా అవుతుంది. 2 లక్షల చీటీలో ఏడు నెలలు కట్టాను. ఈ నెల పాడుకోనా? క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టనా? బంగారం కుదువ పెట్టనా? మావారేమో అంతా దండగ అంటున్నారు. ఉద్యోగులకిచ్చే ప్రయాణ రాయితీ ఎల్‌టీసీ ఏమైనా పనికొస్తుందా?

జవాబు: టీచర్ గారూ, తప్పకుండా వెళ్లి రండి. ఇరవై ఏళ్లు సంసారం ఈది, ఇల్లు కట్టుకుని, పిల్లను చదివించుకుంటూ ఒక్కసారి మంచి చోట ఉండి రావాలనుకోవడం దండగ కాదు. ఈ మాట మీవారికి కూడా చదివి వినిపించండి. అయితే ఆయన భయంలోనూ న్యాయం ఉంది. ఒక నెల వచ్చి ఒక నెల రాని సంపాదన మీద బతికే మనిషికి ఒక్క రాత్రికి 48,000 అంటే గుండె ఝల్లుమంటుంది. ఆ భయం పోవాలంటే ట్రిప్పు మానుకోనక్కర్లేదు. ముందు డబ్బు కూడబెట్టి, తర్వాత బయల్దేరితే చాలు. అందుకే ఫిబ్రవరి వద్దు, దసరా సెలవుల్లో వెళ్లండి అంటున్నాను.

ముందు చీటీ సంగతి చూద్దాం, మీరు ఎక్కువగా నష్టపోయేది అక్కడే. ఎనిమిదో నెలలో పాట గట్టిగా ఉంటుంది. 50,000 తగ్గించి పాడారనుకోండి, చేతికి లక్షా యాభై వేలు వస్తాయి. అదే చీటీని ఆఖరి నెల దాకా ఆపితే, కంపెనీ కమీషన్ 5 శాతం పోను 1,90,000 వస్తాయి. డివిడెండ్ ఎలాగూ రెండు విధాలా వస్తుంది కాబట్టి తేడా నికరంగా 40,000. ఏడాది ముందు డబ్బు చేతికొచ్చినందుకు ఇచ్చే ధర అది. వ్యాపారంలో పెట్టేవాళ్లకు ఆ ధర గిట్టవచ్చు, ఖర్చు పెట్టేసేవాళ్లకు గిట్టదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పాడుకున్నాక కంపెనీ ష్యూరిటీలు అడుగుతుంది. జీతం సర్టిఫికెట్ ఇచ్చి సంతకం పెట్టమని స్టాఫ్ రూమ్‌లో తోటి టీచర్లను అడగాల్సి వస్తుంది. మన విహారయాత్ర కోసం ఇంకొకరి జీతాన్ని ఇరికించడం నాకు సబబుగా తోచదు.

అసలు ఆ చీటీకి వేరే పని ఉంది. వచ్చే జనవరికి అది ముగుస్తుంది. అప్పటికి మీ అమ్మాయి ఇంటర్ సెకండియర్ చివర్లో ఉంటుంది. ఆ తర్వాత ఈఏపీసెట్, కౌన్సెలింగ్, కాలేజీ ఫీజు, హాస్టల్ అడ్వాన్స్ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడతాయి. ఆ 1,90,000 పాప డబ్బు అని ఇప్పుడే రాసి పెట్టుకోండి.

క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే, 1,80,000కి ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకున్నా పన్నెండు నెలల్లో వడ్డీయే సుమారు 15,000 అవుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 2,700. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. బంగారం జబ్బుకో, పంట పోయినప్పుడో, షాపులో అనుకోని అవసరానికో అక్కరకొచ్చే ఆస్తి. దాన్ని ఈ పనికి కదపొద్దు. బ్యాంకులోని 2,20,000 కూడా ముట్టుకోవద్దు. మీ నెల ఖర్చులన్నీ కలిపితే 65,500, అంటే అది మూడు నెలల తిండి మాత్రమే. షాపు ఆదాయం నిలకడగా లేని ఇంట్లో అంతకంటే తగ్గకూడదు.

ఇక ట్రిప్పు. రెండు రాత్రులూ ప్యాలెస్‌లోనే ఉండాలన్న ఆలోచన మార్చుకోమని నా సలహా. డబ్బు ఒక్కటే కారణం కాదు. జగ్‌నివాస్ అనే ఆ తెల్లటి పాలరాతి మహల్‌ని మహారాణా రెండో జగత్‌సింగ్ 1743లో మొదలుపెట్టి 1746 నాటికి పూర్తి చేయించాడు, పిచోలా చెరువు నడుమ ఒక దీవి మీద. 1960లలో మేవాడ్ రాజవంశం దాన్ని హోటల్‌గా మార్చింది, 1971 నుంచి తాజ్ వాళ్లు నడుపుతున్నారు. పడవలో తప్ప చేరుకోలేం. ఫోటోలో మీరు చూసి ముచ్చటపడ్డ ఆ దృశ్యం, నీళ్ల మీద తేలుతున్నట్టుండే ఆ భవనం, లోపలున్న వాళ్లకు కనిపించదు కదా. అది ఒడ్డు నుంచే కనిపిస్తుంది. అంబ్రాయ్ ఘాట్ మెట్ల మీద సాయంత్రం కూర్చుంటే ఒక పక్క సిటీ ప్యాలెస్, ఎదురుగా లేక్ ప్యాలెస్ దీపాలు వెలిగించుకుంటాయి.

కాబట్టి మూడు రాత్రులు ఉండండి. మొదటి రెండు రాత్రులు ఒడ్డున, లాల్ ఘాట్ దగ్గరో హనుమాన్ ఘాట్ దగ్గరో పాత హవేలీని హోటల్‌గా మార్చిన చోట దిగండి. సిటీ ప్యాలెస్ తీరిగ్గా చూడండి, అక్కడి నుంచి పడవ ఎక్కి, అదే చెరువులో ఇంకో దీవి మీదున్న జగ్ మందిర్ మహల్‌కి వెళ్లి రండి. మొఘల్ యువరాజుగా ఉన్నప్పుడు తండ్రి మీద తిరగబడ్డ షాజహాన్ తలదాచుకున్న చోటు అది. మూడో రాత్రికి ప్యాలెస్. రెండు రోజులు బయటి నుంచి చూసిన భవనంలోకి మూడో రోజు పడవలో అడుగుపెట్టినప్పుడు కలిగే సంతోషం వేరు. మధ్యాహ్నం చెక్-ఇన్ సమయానికే చేరుకోండి. మర్నాడు గది ఖాళీ చేసే వేళ దాకా ఎక్కడికీ పోకుండా తామర కొలను పక్కన, చెరువు వైపు కిటికీ దగ్గర గడపండి. ఒక్క రాత్రైనా దాదాపు పూర్తి రోజు చేతికొస్తుంది. బుక్ చేసేటప్పుడు గది చెరువు వైపా, లోపలి తోట వైపా అన్నది మెయిల్‌లో రాయించుకోండి. రేటు తేడాకి అదీ ఒక కారణం.

ఒడ్డున హోటల్ చూసుకునేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. రోజుకు 7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. 7,500 గదికి మొత్తం 7,875 అవుతుంది. 7,600 గదికి 8,968 అవుతుంది. వంద రూపాయలు ఎక్కువున్న గదికి మీ జేబులోంచి దాదాపు 1,100 ఎక్కువ పోతుంది. 7,800 అని చెబితే 7,500కి ఇస్తారా అని ఫోన్ చేసి అడగండి, సిగ్గుపడక్కర్లేదు. ప్యాలెస్ లాంటి ఖరీదైన హోటళ్లలో రెస్టారెంట్ బిల్లు మీద కూడా 18 శాతమే పడుతుంది, బయట మామూలు హోటల్లో 5. అందుకని ప్యాలెస్‌లో ఒక్క రాత్రి భోజనం చాలు. ఉదయం టిఫిన్ గది అద్దెలోనే కలిపిన ప్లాన్ తీసుకోండి.

దసరా ఎందుకంటే, మీకు సెలవులుంటాయి, జీతం నష్టం లేదు. ఫిబ్రవరి ఉదయపూర్‌లో మంచి సీజన్, పెళ్లిళ్లు కూడా ఎక్కువే, రేట్లు అందుకే అలా ఉన్నాయి. పైగా ఫిబ్రవరిలో మీ అమ్మాయికి పరీక్షల ముందు రోజులు, ఆ టైంలో మీరు ఊళ్లో లేకపోతే ఇద్దరికీ టెన్షనే. దీపావళి మాత్రం వద్దు, గుజరాత్ నుంచి జనం విరగబడతారు. ఇంకో ముఖ్యమైన సంగతి నీళ్లు. మన అనంతపురం వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, బుక్కరాయసముద్రం చెరువు నిండిన ఏడాది ఎలా ఉంటుందో, ఎండిన ఏడాది ఎలా ఉంటుందో చూస్తూ పెరిగాం. పిచోలా కూడా మనిషి కట్టిన చెరువే. 1362లో ఒక బంజారా ధాన్యం వ్యాపారి తవ్వించాడని చెబుతారు. మన చెరువు కూడా ఆ శతాబ్దానిదే, బుక్కరాయల కాలం నాటిది. వానలు లేని ఏళ్లలో పిచోలా ఎండిపోయిన సందర్భాలున్నాయి. వానాకాలం అయిపోగానే వెళితే నిండుగా ఉండే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు ఖర్చు. ప్యాలెస్ ఒక రాత్రికి మీరు చూసిన 48,000నే వేసుకుందాం, తగ్గితే మంచిదే. జీఎస్టీతో 56,640. ఒడ్డున 6,500 గది రెండు రాత్రులకు పన్నుతో 13,650. విమానం బెంగళూరు నుంచి చూసుకోండి. ఆ ఎయిర్‌పోర్టు అనంతపురం నుంచి వెళ్లే హైవే వైపే ఉంది కాబట్టి బెంగళూరు ఊళ్లోకి వెళ్లే పని లేదు. ఇద్దరికీ రానూపోనూ 26,000 పెడదాం. బస్సు, అక్కడి టాక్సీలకు 6,000. ప్యాలెస్‌లో రాత్రి భోజనానికి 10,000, మిగతా తిండికి 5,000, పడవలు, టికెట్లకు 3,000. ఇదంతా 1,20,290. అనుకోని ఖర్చులకు మరో 12,000 కలిపితే 1,32,000 చిల్లర. మైసూరు నుంచి బెంగళూరు మీదుగా ఉదయపూర్‌కి వారానికోసారి హమ్‌సఫర్ రైలు కూడా ఉంది. ఛార్జీ బాగా తగ్గుతుంది కానీ సెలవుల్లో చాలా భాగం దారిలోనే పోతుంది. ఈసారికి విమానమే నయం.

డబ్బు ఎక్కడి నుంచి? మీ ఇద్దరి ఆదాయం 83,000, ఖర్చులు 65,500. మిగిలేది 17,500. అందులో 11,000కి ఈ జనవరిలోనే మీ జీతం పడే బ్యాంకులో ఎనిమిది నెలల రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) తెరవండి. జీతం పడిన రెండో రోజే కట్ అయ్యేలా తేదీ పెట్టించండి, నెలాఖరున మిగిలితే వేద్దామంటే మిగలదు. వడ్డీ ఆరున్నర శాతం అనుకుంటే సెప్టెంబరుకి 90,000 పైచిలుకు అవుతుంది. పోస్టాఫీసు ఆర్‌డీ ఐదేళ్లది, దీనికి పనికిరాదు. మిగతా 42,000 మీవారి వాటా. బోరు మోటార్లు కాలిపోయేది మార్చి నుంచి మే దాకానే కదా, ఆ మూడు నెలలూ ఆయనకు ఊపిరాడని పని. ఆ నెలల్లో మామూలు 25,000 ఇంటికి ఇచ్చాక పైన వచ్చేదాంట్లోంచి నెలకు 14,000 పక్కన పెట్టమనండి. ఆయన చేతి డబ్బు కూడా ఇందులో పడితే దండగ అన్న మాట మళ్లీ ఆయన నోట రాదని నా నమ్మకం.

ఆ 42,000 చేతికి రాగానే జులైలో విమానం టికెట్లు కొనండి. హోటల్ గదులు కూడా అప్పుడే బుక్ చేయండి కానీ తక్కువ రేటు చూసి క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగి రాని ప్లాన్ తీసుకోవద్దు. రెండు మూడు వేలు ఎక్కువైనా, ఏ తేదీ దాకా ఉచితంగా రద్దు చేసుకోవచ్చో స్పష్టంగా ఉన్నదే తీసుకోండి. ప్యాలెస్ గదిని హోటల్ సొంత వెబ్‌సైట్లోనే బుక్ చేయండి. సగం ధరకి ఇప్పిస్తామని ఫోన్లో లింకు పంపే వాళ్లకు రూపాయి కూడా వేయొద్దు.

ఎల్‌టీసీ గురించి అడిగారు. మీకు ఈ ప్రయాణానికి అర్హత ఉందో లేదో మీ జీతం బిల్లులు పెట్టే అధికారి డీడీఓనే అడిగి, టికెట్లు కొనకముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. వచ్చినా ప్రయాణ ఛార్జీల వరకే, గది అద్దెకు రాదు. దాని మీద పన్ను మినహాయింపు కూడా మీరు పాత పన్ను విధానంలో ఉంటేనే. ఈ ఒక్క లాభం కోసం విధానం మార్చుకోకండి.

సెప్టెంబరులో ఆర్‌డీ డబ్బు అకౌంట్లో పడ్డాక, ఉచితంగా రద్దు చేసుకునే గడువు దాటకముందే ఒడ్డున మీరు తీసుకున్న హోటల్‌కి ఫోన్ చేసి చెరువులో నీళ్లు ఎలా ఉన్నాయో అడగండి. నిండుగా ఉంటే అన్నీ అలాగే ఉంచండి. నీళ్లు బాగా తగ్గి ఉంటే ప్యాలెస్ రాత్రి ఒక్కటి రద్దు చేసి ఆ రాత్రి కూడా ఒడ్డునే ఉండండి. మిగిలిన డబ్బుని ఏడాది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, వచ్చే దసరాకి ఆ ఒక్క రాత్రి కోసమే మళ్లీ వెళ్లండి.