అమ్మ నుదుట బొట్టు ఎవరి ఇష్టం?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నాకు 27 ఏళ్లు. అనంతపురంలో లెక్చరర్‌ని, ఒక మహిళా సంఘంలో కూడా పనిచేస్తాను. ఎనిమిది నెలల కిందట నాయన పోయాడు. పదకొండో రోజు బంధువులు అమ్మ గాజులు పగలగొట్టి, బొట్టు తీసేశారు. అడ్డుపడితే నన్ను బయటికి పంపేశారు. పోయిన నెల తమ్ముడి నిశ్చితార్థంలో అందరి ముందూ అమ్మకు నేనే బొట్టు పెట్టాను. ఆమె కొంగుతో తుడుచుకుని, ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. సంఘంలో ఒకరు ‘అది ఆమె ఇష్టం, వదిలెయ్’ అంటారు. ఇంకొకరు ‘ఊరంతా చూస్తుంటే అది ఇష్టమెలా అవుతుంది?’ అంటారు. మాఘంలో తమ్ముడి పెళ్లి. తాళి కట్టేటప్పుడు అమ్మ ఎదురుగా ఉండకూడదని పెద్దమ్మ అప్పుడే చెప్పేసింది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: నాయన పోయి ఎనిమిది నెలలే అయింది. ఆ దుఃఖం గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. మీరూ అమ్మా కలిసి ఏడ్చారా? నాకు ముందు అదే అడగాలనిపించింది.

పదకొండో రోజు జరిగింది అన్యాయం. మీరు అడ్డుపడి మంచి పని చేశారు. కానీ తీసినవాళ్లూ ఆమెను అడగలేదు, నిశ్చితార్థం రోజు పెట్టిన మీరూ అడగలేదు. ఆమె నుదురు మళ్లీ నలుగురి నోళ్లలో పడింది. కఠినంగా అంటున్నానేమో. మీరు ప్రేమతోనే చేశారని నాకు తెలుసు.

మా మేనత్తకు ముప్పై ఏళ్లకే మామ పోయాడు. చదువుకునే రోజుల్లో బొట్టు పెట్టుకోమని ఆమెను తెగ పోరేదాన్ని. ముసలితనంలో ఒకసారి చెప్పింది: “నాకు బొట్టు మీద పెద్ద ఆశ లేదే. శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలవడం మానేశారు, అదే కడుపులో మెలిపెట్టింది.” అన్నేళ్లూ నేను కొట్లాడింది ఆమె బాధ గురించి కాదు.

మీ సంఘంలో ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ఊరి చూపు తగలని ఇష్టం మీకూ లేదు, నాకూ లేదు. అలాగని ఆమె మాట ఆమెది కాదని మనమే తేల్చేస్తే, రేపు ఆమె ఏం చెప్పినా నమ్మం. నేనైతే ఒకటి చూస్తాను: రేపు మనసు మారితే మళ్లీ పెట్టుకునే వీలు ఆమెకు ఉందా? వితంతు వివాహానికి చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం అలాంటి మొదటి పెళ్లి చేయించింది 1881 డిసెంబరులో. పక్కన నిలబడే మనుషులు రావడానికి పాతికేళ్లు పట్టింది. మీ అమ్మకు కావలసింది ఆ తోడే.

బొట్టు సంగతి ఆమెకు వదిలేయండి. పెళ్లిలో ఎదురుగా ఉండకూడదన్న మాటను మాత్రం వదలకండి. అది పెద్దమ్మ పెట్టిన నియమం.

ఇంకోటి, మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను. నాయన పేరున చేను ఉందా? ఆయన సొంతంగా కొన్నదై, వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, మీకు, తమ్ముడికి సమాన భాగాలు. మీ జేజి, అంటే నాయన తల్లి, బతికుంటే ఆమెకూ ఒక భాగం. పెళ్లి హడావిడిలో తల్లి చేత సంతకం పెట్టించి పాసుపుస్తకం కొడుకు పేరున మార్చడం చాలా ఇళ్లల్లో చూశాను. తన చేను తన చేతిలో ఉన్న మనిషికి, పెద్దమ్మకు ఎదురు చెప్పే ధైర్యం వస్తుంది.

ఈ ఆదివారం ఊరికి వెళ్లండి. “నిన్ను అడగకుండా పెట్టాను, తప్పయిందమ్మా” అనండి. ఆ రోజు సంఘం మాట, చట్టం మాట తేవద్దు. నాయన గురించి మాట్లాడుకోండి. తర్వాతెప్పుడైనా, పెళ్లిలో ఎక్కడ కూర్చోవాలని ఉందో, కొడుకు మీద అక్షింతలు వేయాలని ఉందో అడగండి. ఉందంటే, పత్రికలు అచ్చుకు ఇవ్వకముందే తమ్ముణ్ని వెంటబెట్టుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్లండి. ఆ మాట పెళ్లికొడుకు నోటి నుంచే రావాలి. ఆహ్వానించేవాళ్ల చోట మొదటి పేరు అమ్మది వేయించండి.

అమ్మే వద్దంటే బతిమాలకండి. తాళి కట్టే వేళ లోపలి గదిలో ఆమె ఒక్కతే ఉండకుండా, మీరు వెళ్లి పక్కన కూర్చోండి.