తాత తీసిన గోగునార, మనవరాలి లినెన్ చదువు

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. లినెన్ దుప్పట్ల వీడియోలు చూసి, ఒక ప్రైవేటు సంస్థలో సస్టైనబుల్ ఫ్యాషన్ (పర్యావరణానికి హాని తగ్గించే బట్టల) కోర్సు చేస్తానంటోంది. లోను తీసుకోవాలి. నేను కంప్యూటర్ సైన్స్ చదవమంటున్నాను. మా నాన్న గోగు కోసి, చెరువులో నానేసి, నార తీసి మమ్మల్ని పెంచాడు. మళ్లీ ఆ నారలోకే పంపాలా? ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: సార్, ఏటా ఈ రోజుల్లో ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. కోర్సు పేరు మారుతుంది, భయం మాత్రం మారదు: కష్టపడి బయటపడిన చోటికే పిల్ల తిరిగి వెళ్తుందేమోనని. మీ అమ్మాయిని ఎవరూ చెరువులోకి దింపడం లేదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి.

తను చూసిన లినెన్ అంటే అవిసె నారతో నేసిన గుడ్డ. మనం గింజల కోసం వేసే అవిసె, ఇదీ ఒకే జాతి. నార రకాలు కొమ్మలు వేయకుండా నిటారుగా ఎదుగుతాయి. ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి బెల్జియం, నెదర్లాండ్స్ వరకు సముద్రం దగ్గరి నేలల్లో మార్చి, ఏప్రిల్‌లలో విత్తుతారు. వంద రోజులకు వేళ్లతో సహా పీకి పొలంలోనే పరుస్తారు. అక్కడి వానలే చాలు, నీళ్లు పెట్టే పని దాదాపు ఉండదు. అదే పొలంలో మళ్లీ వేయాలంటే ఆరేడేళ్లు ఆగుతారు.

ఆ తర్వాత జరిగేది మీ నాన్నగారికి బాగా తెలిసిన పనే. చెరువు బదులు మంచు. రాత్రి తేమకు, పగటి ఎండకు బూజు, బ్యాక్టీరియా పట్టి కాడలోని జిగురును తినేస్తాయి, అప్పుడు నార విడివడుతుంది. వాన ఎక్కువైతే నార కుళ్లుతుంది, తేమ చాలకపోతే పుల్లను వదలదు. ఏ రోజు తిరగెయ్యాలి, ఏ రోజు ఎత్తాలి అన్న లెక్క తప్పితే పంట పోయినట్టే. మీ నాన్నగారు కాడ విరిచి చూసి చెప్పేవారు కదా, దాన్నే మీరు చిన్నతనంగా రాశారు. అది నాకు నచ్చలేదు, దాచుకోకుండా చెబుతున్నాను.

వీడియోలో నీలిపూల పొలం కనిపిస్తుంది, మరుక్షణం మెత్తటి పరుపు కనిపిస్తుంది. ఉద్యోగాలన్నీ ఆ రెంటికీ మధ్యలో ఉన్నాయి. కాడను నలిపి, చితకగొట్టి, నార దువ్వాలి. పొడుగు పోగులు సన్న నూలుకు, పొట్టివి ముతక నూలుకు, పుల్ల ముక్కలు చెక్క బోర్డులకు వెళ్తాయి. సన్న నూలు కావాలంటే పోగును వేడి నీటిలోంచి పంపి వడకాలి. ఈ నూలు సాగదు, గాలి పొడిగా ఉంటే మగ్గం మీద పుటుక్కున తెగుతుంది. నేసిన గుడ్డను దుప్పటికి పనికొచ్చేలా ఎంజైములతో, ఉతుకులతో మెత్తబరుస్తారు. పొలంలో సంపాదించిన మంచిపేరు ఈ బ్లీచింగ్, అద్దకం దగ్గరే పోతుంది. వాడిన రసాయనాలు, మరిగించిన నీళ్లు, బయటికి వదిలిన మురుగు ఎవరూ వీడియో తీయరు. పైగా ఫ్రాన్స్ నారలో పెద్ద భాగం చైనాకెళ్లి నూలవుతుంది. కొంత మన దేశానికీ వస్తుంది, బెంగాల్‌లో హుగ్లీ నది ఒడ్డున రిష్రాలో లినెన్ మిల్లు ఉంది.

అందుకే ఆ కోర్సు మీద నాకు అనుమానం. సస్టైనబుల్ అన్న మాటను ఫీజు రసీదు మీద అచ్చేయడం తేలిక. నూలు బలం కొలవడం, మురుగునీటి పరీక్ష చదవడం రాని మనిషికి మిల్లులో ఏ పని ఇస్తారు? అలాంటి కోర్సులు చేసి చివరికి దుకాణాల సోషల్ మీడియా పేజీలు నడుపుతున్న పిల్లలు నాకు తెలుసు. ఆ సంస్థకు ఫోన్ చేసి, నార పరీక్షించే ల్యాబ్ ఉందా, పిల్లల్ని ఏ మిల్లుకు ఎన్ని నెలలు పంపుతారు అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే లోను మాట మరిచిపోండి.

తన ఇష్టానికి సరైన దారి టెక్స్‌టైల్ టెక్నాలజీ బీటెక్. ఐఐటీ ఢిల్లీలో, జలంధర్ ఎన్ఐటీలో, మన ఉస్మానియాలో ఉంది. కలకత్తా యూనివర్సిటీలో జనపనార, ఇతర నారల కోసం ప్రత్యేక విభాగమే ఉంది. మూడేళ్ల డిప్లొమా చాలనుకుంటే వెంకటగిరి చేనేత సంస్థ ఉంది. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్థాయిలో ఉండకపోవచ్చు, షిఫ్టులు ఉంటాయి, ఊరు వదలాలి. ఇవన్నీ అమ్మాయికి ముందే చెప్పండి.

కంప్యూటర్ సైన్స్‌తో పోలిక అడిగారు. ఇష్టం లేకుండా చేరితే నాలుగేళ్ల తర్వాత మళ్లీ నాకే ఉత్తరం రాస్తారు, అంతకు మించి పోల్చడానికి ఏమీ లేదు. లెక్కలు, కెమిస్ట్రీ వచ్చిన పిల్ల, భయపడాల్సిన పరిస్థితి కాదు.

కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టేలోపు అమ్మాయిని మీ వైపు నడుస్తున్న జూట్ మిల్లు ఒకదానికి తీసుకెళ్లండి. ఆ దుమ్ములో, చప్పుడులో ఒక పూట నిలబడనివ్వండి. బయటికొచ్చాక ఏమంటుందో నాకు రాయండి, అప్పుడు కాలేజీల వరుస చెబుతాను.