గృహప్రవేశం వీడియోకి పాట యాడ్ చేస్తుంటే ఎడిటర్ తీసుకోవట్లేదు, ఫైల్ పేరు చివర ఎంపీ3 అనే ఉంది, ఎందుకు?

పేరు చివర ఎంపీ3 ఉన్నంత మాత్రాన లోపల ఎంపీ3 ఉండాలని రూలేం లేదండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఓపస్ అనే వేరే ఆడియో ఫార్మాట్‌లో ఉంటాయి, ఐఫోన్‌లో రికార్డ్ చేసినవి మామూలుగా ఎం4ఏ అనే ఇంకో ఫార్మాట్, వాటికి రీనేమ్ కొట్టి ఎంపీ3 అని పెడితే డబ్బా మీద లేబుల్ మారుద్ది గానీ లోపల పప్పు పప్పే కదా.

ముందు ఆ పాటని కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో ప్లే చేసి కంట్రోల్ జే నొక్కండి, కోడెక్ ఏంటో, అంటే లోపల ఆడియో అసలు ఏ రకమో, అక్కడే కనపడుద్ది. ఎంపీ3 కాకపోతే అదే వీఎల్‌సీలో కంట్రోల్ ఆర్ నొక్కి, ఫైల్ యాడ్ చేసి, కన్వర్ట్ కొట్టి, ప్రొఫైల్‌లో ఆడియో సీడీ ఎంచుకుంటే వేవ్ ఫైల్ వస్తుంది. నిమిషానికి 10 ఎంబీ దాకా అవుద్ది, పర్లేదు, వేవ్‌ని వద్దనే ఎడిటర్ దాదాపు ఉండదు. అసలైన ఎంపీ3 అయ్యుండి కూడా పాట వీడియోతో కలవకుండా జరిగిపోతుంటే అది వేరియబుల్ బిట్‌రేట్ (సెకనుకి వాడే డేటా పాటంతా ఒకేలా లేకుండా మారుతుండటం) వల్ల కావచ్చు, దానికీ ఇదే మందు.

మ్యూజిక్ యాప్‌లో ఆఫ్‌లైన్‌కి డౌన్‌లోడ్ చేసిన పాటలైతే వదిలేయండి, వాటికి లాక్ ఉంటుంది, ఏ ఎడిటర్‌లోనూ ఎక్కవు.

ఇంకోటి, పాటని పెన్‌డ్రైవ్ నుంచి డైరెక్ట్‌గా లాగొద్దు. చాలా ఎడిటర్లు పాటని కాపీ చేసుకోవు, ఎక్కడుందో అడ్రస్ మాత్రమే రాసుకుంటాయి. నేను ఓసారి అలాగే చేసి పెన్‌డ్రైవ్ మా బావకి ఇచ్చేశా, పొద్దున చూస్తే టైమ్‌లైన్‌లో ఒక్క పాటా లేదు.